నాయకుల బిడ్డలు ఎవరి బాధ్యత?

ప్రగతి నగర్‌లో మేము నివసించే వీధికి రెండు వీధుల అవతల ఒక చిన్న గది ఉంది. ఆదివారం అసర్ నమాజు తరువాత అక్కడ పిల్లలకు ఉర్దూ అక్షరాలు, లెక్కలు చెబుతుంటాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పదవీ విరమణ చేసిన మా వంటివారికి అంతకు మించిన వ్యాపకం ఏముంటుంది? ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది హైటెక్ సిటీ, మాదాపూర్ ప్రాంతాల కంపెనీలలో పనిచేసేవారే. కొందరు ఆ కంపెనీల ముందు క్యాబులు నడిపేవారు, క్యాంటీన్లలో వండేవారు కూడా ఉన్నారు.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం అమలులోకి వచ్చిన తరువాత నగరమంతటా నిరసనలు జరిగాయి. ఆ రోజుల్లో మా గదికి వచ్చే ఒక పదేళ్ల బాలుడి తండ్రి కూడా ముందు వరుసలో నిలబడ్డాడు. కరపత్రాలు రాశాడు, జనాన్ని కూడగట్టాడు, మైకు పట్టుకుని మాట్లాడాడు. ఒక రోజు అతనిని స్టేషనుకు తీసుకువెళ్లి మరునాటి వరకు ఉంచారు. ఆ తరువాతి ఆదివారం బాలుడు తోటివారందరూ వెళ్లిపోయేదాకా ఆగి, పలక సంచిలో పెట్టుకుంటూ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు.

"దాదా, మా అబ్బూ ఏమైనా తప్పు చేశారా? స్కూలు వ్యానులో అందరూ అదే అడుగుతున్నారు."

తప్పు చేయలేదని వెంటనే చెప్పాము. అయితే ఆ జవాబు అతనికి చాలలేదని అతని ముఖమే చెప్పింది. అతడు అడిగినది చట్టానికి సంబంధించిన ప్రశ్న కాదు. మా ఇంట్లో ఏం జరుగుతోంది, రేపు ఏం జరుగుతుంది, నేను ఎవరితో చెప్పుకోవాలి అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఈ సంగతి మాకు తెలుసు. ఎందుకంటే తొమ్మిదేళ్ల వయసులో మేము కూడా అదే ప్రశ్న అడిగాము. అప్పుడు మాకు జవాబు చెప్పినవారు లేరు.

1969 వరంగల్

మా తండ్రిగారు వరంగల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిరుద్యోగి, ఉద్యోగుల సంఘంలో బాధ్యుడు. 1969లో తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచినప్పుడు ముల్కీ నిబంధనల కోసం, స్థానికుల ఉద్యోగాల కోసం ఆయన సభల్లో మాట్లాడారు. ఆయన ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు విని మేము ఎంత పొంగిపోయేవారమో ఈనాటికీ గుర్తుంది. ఉద్యోగుల సమ్మె సాగుతుండగా ఒక తెల్లవారుజామున పోలీసులు వచ్చారు. అబ్బాజాన్ వజూ చేసుకుని, ఫజర్ నమాజు చదివి, వారి వెంట నడిచి వెళ్లారు. మమ్మల్ని నిద్రలేపవద్దని అమ్మీతో చెప్పారట. మేము మాత్రం మేలుకునే ఉన్నాము. కళ్లు మూసుకుని పడుకున్నాము.

ఆ తరువాతి నెలలను తలచుకుంటే నాయకుడి కొడుకుననే గర్వం అంతగా గుర్తుకు రాదు. చిన్న చిన్న సంగతులే గుర్తుకు వస్తాయి. దుకాణదారు ఖాతా పుస్తకం మూసివేయడం గుర్తుకు వస్తుంది. ఇంటి యజమాని మెట్ల మీద నిలబడి అమ్మీతో మాట్లాడుతూ మా వైపు చూడకపోవడం గుర్తుకు వస్తుంది. దగ్గరి బంధువులు మా ఇంటికి రావడం మానివేశారు. వారికీ ఉద్యోగాలు ఉన్నాయి, భయపడ్డారు. వారిని ఇప్పుడు నిందించము. పక్కింటి పద్మశాలి అమ్మ మాత్రం ప్రతి సాయంత్రం జొన్నరొట్టెలు పట్టుకుని వచ్చేది. ఏ సంఘమూ ఆమెకు ఆ పని అప్పగించలేదు. పొయ్యి వెలగని ఇల్లు ఆమెకు గోడ అవతలి నుండి తెలిసేది, అంతే.

జైలులో అబ్బాజాన్‌ను చూడడానికి రెండు సార్లు వెళ్లాము. మొదటిసారి ఆయన గడ్డం పెరిగి ఉండడం చూసి గుర్తుపట్టలేదు. అమ్మీ చెయ్యి వదలకుండా నిలబడిపోయాము. ఆయన నవ్వుతూ "బాగా చదువుకుంటున్నావా?" అని అడిగారు. ఆ ఏడాది బడులే సరిగా నడవలేదు, ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలి? తల ఊపాము. వరంగల్ కేంద్ర కారాగారం ఇప్పుడు అక్కడ లేదు. 2021లో దానిని పడగొట్టి ఆ స్థలంలో ఆసుపత్రి నిర్మాణం మొదలుపెట్టారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా గోడ ఉన్నచోట మా కళ్లు ఇంకా గోడనే వెతుకుతాయి.

మా ఇల్లు ఆ రోజుల్లో పూర్తిగా కూలిపోకపోవడానికి ఒక కారణం చెప్పాలి. అది వినడానికి విచిత్రంగా ఉంటుంది. ప్రభుత్వోద్యోగి నలభై ఎనిమిది గంటలు దాటి నిర్బంధంలో ఉంటే అతనిని సస్పెన్షన్‌లో ఉన్నట్లే భావిస్తారు. అయితే సస్పెన్షన్‌లో ఉన్నవాడికి కూడా ఫండమెంటల్ రూల్ 53 ప్రకారం జీవన భృతి చెల్లించాలి. అది సగం వేతనపు సెలవు జీతానికి సమానమైన మొత్తం. ఆలస్యంగానే అయినా ఆ డబ్బు మా ఇంటికి చేరింది. తరువాత ముప్పై ఏళ్లకు పైగా మేమే గుమాస్తాగా అటువంటి బిల్లులు ఎన్నో తయారు చేశాము. చేసిన ప్రతిసారీ ఒకే ఆలోచన వచ్చేది. అబ్బాజాన్‌ను శిక్షించాలనుకున్న ప్రభుత్వం వద్ద సైతం ఆయన భార్యాబిడ్డలు ఏం తింటారన్న ప్రశ్నకు ఒక నియమం ఉంది. ఆయనను భుజాల మీద ఎత్తుకున్న సంఘాల వద్ద అటువంటి నియమం ఒక్కటీ లేదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఇదే. మన హక్కుల కోసం ముందు నిలబడి జైలుకు వెళ్లేవారి బిడ్డలు ఉమ్మత్ బాధ్యత. ఆ బాధ్యతను మనం జాలిగా కాక, లెక్కగా, దస్త్రంలో రాసుకుని నెరవేర్చాలి. రెండవది, ఆ బిడ్డలను ఆదుకోవడమంటే వారిని రేపటి నాయకులుగా తయారు చేయడం కాదు. వారికి వారి బాల్యాన్ని తిరిగి ఇవ్వడం.

హజ్రత్ జాఫర్ (రజి) బిడ్డలు

ఈ మాట మా సొంత కల్పన కాదు. మన చరిత్రలోనే దీనికి ఆదర్శం ఉంది. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మక్కా హింసను భరించలేక అబిసీనియాకు వలస వెళ్లిన ముస్లింల తరఫున రాజు నజాషీ ఎదుట నిలబడి మాట్లాడినవారు. నేటి మాటల్లో చెప్పాలంటే పీడిత మైనారిటీకి ప్రతినిధి. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఆ ప్రవాసంలోనే పుట్టారు. పరాయి దేశంలో, అనిశ్చితిలో పెరిగిన బిడ్డ. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో జాఫర్ (రజి) షహీద్ అయ్యారు.

ఆ వార్త తెలిసిన రోజున దైవప్రవక్త (స) స్వయంగా వారి ఇంటికి వెళ్లారు. తల్లి అస్మా (రజి) అప్పటికే పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి ఉంచారు. ఆమెకు ఇంకా సంగతి తెలియదు. ప్రవక్త (స) పిల్లలను దగ్గరకు పిలిపించుకుని హత్తుకున్నారు. కన్నీరు పెట్టుకున్నారు. అప్పుడు ఆమెకు అర్థమయింది. ఆ ఇంటివారు దుఃఖంలో మునిగి ఉన్నారు కనుక వారికి భోజనం వండి పంపమని ప్రవక్త (స) తన ఇంటివారికి చెప్పారు. మూడు రోజుల తరువాత మళ్లీ వచ్చారు. క్షురకుడిని పిలిపించి పిల్లల తలలు శుభ్రం చేయించారు. తల్లి వారి అనాథ స్థితి గురించి చెప్పుకున్నప్పుడు ఇహలోకంలోనూ పరలోకంలోనూ వారికి సంరక్షకుడిని తానేనని ధైర్యం చెప్పారు.

ఇందులో ఒక విషయాన్ని మనం తరచు గమనించకుండా దాటిపోతాము. ప్రవక్త (స) బాలుడు అబ్దుల్లాహ్ చేయి పట్టుకుని అతని కోసం దుఆ చేశారు. తండ్రిలాగా సేనానివి కావాలని, తండ్రి జెండాను నీవు ఎత్తాలని ఆ దుఆలో లేదు. అతని వ్యాపార లావాదేవీలలో బర్కత్ ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఒక షహీద్ బిడ్డకు ఆయన కోరింది ప్రశాంతమైన, గౌరవప్రదమైన జీవనోపాధి. ఆ బిడ్డ పెద్దవాడై దానశీలిగా పేరు పొందాడు. జనం అతనిని తన గుణంతోనే గుర్తుంచుకున్నారు.

నమాజు సుదీర్ఘంగా చేయించాలని సంకల్పించి నిలబడిన ప్రవక్త (స), వెనుక వరుసలలో బిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు కష్టపడుతుందని నమాజును కుదించేవారు. సామూహిక ఆరాధననే ఒక బిడ్డ ఏడుపు కోసం కుదించిన సంప్రదాయం మనది. అటువంటప్పుడు మన సభలు, మన కమిటీలు బిడ్డల ఏడుపు వినడానికి ఒక్క నిమిషం ఆగలేవా?

వాల్తేరు నుండి కాకినాడ దాకా

మన తెలుగు నేలకు సంబంధించిన ఒక ఉదాహరణ చూద్దాం. 1921 సెప్టెంబరు 14న మౌలానా ముహమ్మద్ అలీ గాంధీజీతో కలిసి మద్రాసుకు ప్రయాణిస్తుండగా వాల్తేరు స్టేషనులో ఆయనను అరెస్టు చేశారు. కరాచీ విచారణలో ఆయనకు, అన్నగారు షౌకత్ అలీకి రెండేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. 1923లో విడుదలై, అదే ఏడాది డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. వాల్తేరులో ఖైదీగా దిగిన మనిషి రెండేళ్లకు అదే తీరంలో జాతీయ మహాసభ అధ్యక్ష పీఠం మీద కూర్చున్నారు. చరిత్ర పుస్తకాలలో ఇది ఒక గొప్ప ఘట్టం.

ఆయన నలుగురు ఆడపిల్లల తండ్రి. ఆయన జైలులో ఉండగానే కుమార్తె ఆమినా జబ్బుపడింది. తండ్రి జైలు గోడల మధ్య నుండి ఆమె కోసం కవిత్వంలో మొరపెట్టుకున్నారు. 1924లో ఆమె కన్నుమూసింది. కాకినాడలో జయజయధ్వానాలు మిన్నుముట్టినప్పుడు ఆ తండ్రి మనసులో ఏముండి ఉంటుందో బిడ్డలున్న ప్రతి ఒక్కరూ ఊహించగలరు. కాకినాడ సభ గురించి మాట్లాడే మనలో ఎంతమందికి ఆమినా పేరు తెలుసు?

అలీ సోదరులు సైతం తండ్రిలేని బిడ్డలే. ముహమ్మద్ అలీకి రెండేళ్ల వయసులోపే తండ్రి మరణించారు. చిన్న వయసులోనే వితంతువైన తల్లి బీ అమ్మా తన నగలు తాకట్టుపెట్టి మరీ వారికి ఆంగ్ల విద్య చెప్పించింది. ఆమెను మనం ఖిలాఫత్ వేదికల మీది మాతృమూర్తిగా గుర్తుంచుకుంటాము. అయితే ఆ వేదికకు ముందు ఒక వంటిల్లు, ఒక తాకట్టు దుకాణం, పిల్లల ఫీజు కట్టవలసిన తారీఖు ఉన్నాయి. ప్రతి ఉద్యమం వెనుక అటువంటి తారీఖులు ఉంటాయి.

ఇతర ఉద్యమాలూ ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ఉద్యమానికే జీవితం అంకితం చేయాలని పిల్లలు వద్దనుకుని శస్త్రచికిత్స చేయించుకున్నారు. అది ఆయన, ఆయన భార్య లీలగారు ఎంచుకున్న మార్గం. మన ధర్మం మనకు ఆ మార్గం చెప్పదు. కానీ ఆ నిర్ణయంలో ఒక నిజాయితీ ఉంది. బిడ్డలుంటే వారికి సమయం ఇవ్వాలని, ఇవ్వలేకపోతే అది చిన్న విషయం కాదని ఆయన ఒప్పుకున్నారు. మనలో చాలామంది ఆ లెక్క వేసుకోకుండానే మైకు అందుకుంటాము.

ఇటీవలి కాలానికి వస్తే, 2018 ఆగస్టు 28న విప్లవ కవి వరవరరావుగారి ఇంటిపై పోలీసులు సోదా జరిపినప్పుడు హైదరాబాదులోనే ఉన్న ఆయన ఇద్దరు అల్లుళ్ల ఇళ్లలోనూ వెతికారు. 2020 జూలైలో జైలు నుండి వచ్చిన ఫోనులో తండ్రి మాట పొంతన లేకుండా ఉందని విని ఆ కుటుంబం పత్రికల వారి ముందుకు వచ్చింది. ఢిల్లీలో అధ్యాపకుడిగా ఉన్న మన తెలుగువాడు జి.ఎన్. సాయిబాబాను 2014 మే 9న అరెస్టు చేశారు. చక్రాల కుర్చీ లేనిదే కదలలేని ఆయనకు ఒక్కతే కూతురు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. ఏడు నెలలకే, అక్టోబరు 12న, హైదరాబాదులో మరణించారు. వారి రాజకీయాలతో మనం ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. కానీ తండ్రి నిర్దోషి అని తేలేసరికి ఆ కూతురి బాల్యం గడిచిపోయింది. దానిని ఏ తీర్పు తిరిగి ఇవ్వగలదు?

శిక్ష ఒక్కరికి, బాధ ఇంటిల్లిపాదికి

2022 జూన్ 12న ప్రయాగ్‌రాజ్‌లో జావేద్ ముహమ్మద్ కుటుంబం నివసించే ఇంటిని బుల్‌డోజరుతో కూల్చిన దృశ్యాన్ని దేశమంతా టీవీలలో చూసింది. ఆయన కుమార్తె ఆఫ్రీన్ ఫాతిమా అప్పటికే విద్యార్థి ఉద్యమాలలో పేరున్న యువతి. ఆ ఇల్లు తన తల్లి పేరున ఉందని కుటుంబం మొత్తుకుంది. వినినవారు లేరు. ఢిల్లీలో పౌరసత్వ చట్ట వ్యతిరేక నిరసనల్లో పాల్గొన్న ఖాలిద్ సైఫీని 2020 ఫిబ్రవరి 26న అరెస్టు చేశారు. ఆయన ముగ్గురు బిడ్డల తండ్రి. 2025 సెప్టెంబరు 2న ఢిల్లీ హైకోర్టు బెయిలు నిరాకరించిన వారిలో ఆయన కూడా ఉన్నారు. ఆరోపణల నిజానిజాలు విచారణలో తేలవలసినవి. కానీ విచారణ ముగియకుండానే అయిదేళ్లు దాటాయి. బడిలో చేరే వయసున్న బిడ్డ ఈ వ్యవధిలో అయిదవ తరగతికి వస్తుంది.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఈ విషయమై స్పష్టమైన తీర్పు ఇచ్చింది. ఒకరి మీద ఆరోపణ వచ్చినంత మాత్రాన వారి ఇల్లు కూల్చడం, కుటుంబమంతటినీ నిరాశ్రయులను చేయడం రాజ్యాంగ సమ్మతం కాదన్నది. పదిహేను రోజుల ముందస్తు నోటీసు లేనిదే కూల్చివేతకు దిగరాదన్నది. బాట, రైలుమార్గం వంటి బహిరంగ స్థలాలలోని అక్రమ నిర్మాణాలకు ఈ రక్షణ వర్తించదని కూడా చెప్పింది. అంతకు చాలా ముందే, 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో రెండవ అధికరణం ఉంది. తల్లిదండ్రుల హోదాను, కార్యకలాపాలను, అభిప్రాయాలను, విశ్వాసాలను బట్టి ఏ బిడ్డనూ వివక్షకు గాని శిక్షకు గాని గురిచేయరాదని అది చెబుతోంది. తొమ్మిదవ అధికరణం తల్లిదండ్రుల నుండి వేరుపడిన బిడ్డ వారిని తరచు కలుసుకునే హక్కును గుర్తిస్తోంది. భారతదేశం 1992 డిసెంబరు 11న ఈ ఒడంబడికలో చేరింది. స్కూలు వ్యానులో ఆ పదేళ్ల బాలుడిని నిలదీసిన పిల్లలకు ఈ అధికరణం తెలియకపోవచ్చు. వారి తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తెలియజెప్పవలసిన బాధ్యత మన మీద ఉంది.

మన చేతులతో మనం చేసే తప్పులు

ప్రభుత్వాల తప్పులను ఎత్తిచూపడం మనకు అలవాటు. అది అవసరం కూడా. మన తప్పులనూ ఈ సందర్భంగా చెప్పుకోవాలి.

మొదటిది మరపు. అరెస్టయిన వారం ఇల్లంతా జనం. రెండవ నెలలో ఫోను మోగదు. ఆరవ నెలలో ఆ ఇల్లాలు ఫీజు కోసం ఎవరిని అడగాలో తెలియక నగలు తీస్తుంది. ఆమె అడగదు, ఎందుకంటే ఆమె "నాయకుడి భార్య". ఆ పేరు ఆమె నోరు కట్టేస్తుంది.

రెండవది అందుకు పూర్తిగా విరుద్ధంగా కనిపించినా అంతే హానికరమైనది. బిడ్డను వేదిక ఎక్కించడం. తండ్రి ఫోటో చేతికిచ్చి నినాదం చెప్పించడం, సెల్‌ఫోన్లలో చిత్రీకరించడం, ఏడిస్తే ఇంకా బాగుందనుకోవడం. ఆ వీడియో రేపు ఆ బిడ్డ ఉద్యోగానికి వెళ్లిన చోట కూడా ఉంటుంది. అది ఆ బిడ్డ నిర్ణయించుకోవలసిన విషయం, మనం కాదు.

మూడవది వారసత్వం. అబ్బాజాన్ విడుదలై వచ్చిన రోజున మాకూ ఒక పూలదండ వేశారు. "రేపటి నాయకుడు" అన్నారు. ఆ దండ బరువు మేము యాభై ఏళ్లు మోశాము. మాకు సభలంటే భయం. జనం గుమికూడితే తెల్లవారుజాము తలుపు చప్పుడు గుర్తుకు వచ్చేది. మేము గుమాస్తా ఉద్యోగంలో చేరినప్పుడు తండ్రికి తగ్గ కొడుకు కాలేదని పెద్దలు నొచ్చుకున్నారు. ఆ మాట అబ్బాజాన్ వరకూ వెళ్లింది. ఆయన ఒకరోజు మా చేతిని తన చేతుల్లోకి తీసుకుని, "నువ్వు ఫైలు నిజాయితీగా కదిపితే చాలు. నేను అరిచింది దాని కోసమే కదా" అన్నారు. ఆ మాట ఆయన ఇరవై ఏళ్ల ముందు అని ఉంటే ఎంత బాగుండేదో! అయినా అన్నారు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా ఇరవై ఏడేళ్లు జైలులో ఉన్నారు. 1969లోనే, అంటే మా తండ్రిగారు వరంగల్ జైలు చూసిన ఏడాదే, ఆయన పెద్దకొడుకు కారు ప్రమాదంలో మరణించాడు. అంత్యక్రియలకు వెళ్లనివ్వలేదు. జాతిపిత అని ప్రపంచం కొలిచిన ఆ మనిషి తన పిల్లలకు తండ్రిగా ఉండలేకపోయిన బాధను దాచుకోలేదు. గొప్ప నాయకులే ఆ లోటును ఒప్పుకున్నప్పుడు మనం దానిని త్యాగం అన్న ఒక్క మాటతో కప్పివేయడం న్యాయం కాదు.

రెండు అభ్యంతరాలు

"భార్యాబిడ్డల గురించి ఆలోచిస్తే ఎవరు ముందుకు వస్తారు?" అని కొందరు అడుగుతారు. మా అనుభవం దీనికి తారుమారు. వెనుక ఇల్లు సురక్షితంగా ఉందన్న నమ్మకం ఉన్నవాడే ధైర్యంగా నిలబడతాడు. మంచి మనుషులు వెనుకంజ వేయడానికి లాఠీ కంటే బిడ్డల ఫీజు పెద్ద కారణం. ఈ ఐటీ కారిడారులో నెలవారీ వాయిదాల మీద ఇల్లు కొనుక్కున్న యువకులను అడిగి చూడండి.

"నాయకుల బిడ్డలనే ఎందుకు? పేరు లేకుండా జైళ్లలో మగ్గుతున్న సామాన్యుల బిడ్డల సంగతి ఏమిటి?" అని ఇంకొందరు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. నాయకుడికి వకీలు దొరుకుతాడు, పత్రిక దొరుకుతుంది. కరపత్రం పంచుతూ పట్టుబడిన కుర్రవాడికి ఏదీ దొరకదు. కనుక మేము కోరే దస్త్రంలో వారి పేర్లే ముందు ఉండాలి. నాయకుడి బిడ్డ గురించి మాట్లాడడం మొదలుపెట్టామంటే కారణం ఒక్కటే. మన కళ్లెదుట వేదిక మీద ఉన్నవాడి బిడ్డనే మనం చూడలేకపోతే, కనబడని వాడి బిడ్డను ఎప్పటికి చూస్తాము?

చేయవలసినవి

మేము గుమాస్తాలము. పెద్ద పథకాలు చెప్పలేము. దస్త్రం మాత్రం పెట్టగలము.

ప్రతి మసీదు కమిటీ, ప్రతి హక్కుల సంఘం ఒక రిజిస్టరు తెరవాలి. ముందు నిలబడే ప్రతి కార్యకర్త ఆధారితుల పేర్లు, పిల్లల తరగతులు, ఫీజు గడువులు, ఇంటి అద్దె, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు ముందుగానే అందులో రాసుకోవాలి. అరెస్టు తరువాత అడిగితే ఇల్లాలు చెప్పలేదు. సంఘం వసూలు చేసే చందాలో ఒక భాగాన్ని ఈ జీవన భృతికి విడిగా ఉంచాలి. అది నెలనెలా ఒకే తేదీన, ఎవరూ అడగకుండానే చేరాలి. జకాత్ సొమ్ము వాడదలిస్తే అర్హతను ఉలమాలను అడిగి నిర్ధారించుకోవాలి.

ములాఖాత్‌కు వెళ్లే కుటుంబం వెంట ఒక మనిషి, ప్రయాణ ఖర్చు ఉండాలి. జైలు దూరమైతే ఇది మరీ ముఖ్యం. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 పన్నెండవ సెక్షను ప్రకారం మహిళలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వడం మన యువకులు నేర్చుకోవాలి. చదువు ఆగే ప్రమాదం ఉన్నచోట తెలంగాణ మైనారిటీ గురుకులాలను సంప్రదించాలి. ఆదాయం పోయిన కుటుంబాల పిల్లల కోసం జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు అందే వీలు ఉంది. అర్హతలు అక్కడే విచారించుకోవాలి.

డబ్బు కంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. ప్రతి బిడ్డకు ఒక పెద్ద మనిషి కావాలి. మేనమామో, పొరుగింటి అత్తో, బడి టీచరో ఎవరైనా సరే. వారానికి ఒకసారి వచ్చి హోంవర్కు చూసి, క్రికెట్ ఆడించి, అంబీర్ చెరువు గట్టు మీద నడిపించి తీసుకువచ్చే మనిషి. అతడు ఉద్యమం గురించి మాట్లాడనక్కరలేదు. బిడ్డ అడిగితే మాత్రం నిజం చెప్పాలి. "మీ అబ్బూ ఊరు వెళ్లారు" అని చెప్పి దాచితే, ఆ బిడ్డ నిజం తెలుసుకున్న రోజున మన మాటనూ నమ్మడు.

ముందు నిలబడుతున్న సోదరులకు, సోదరీమణులకు ఒక విన్నపం. మీ ప్రభువుకు మీ మీద హక్కు ఉన్నట్లే మీ ఇంటివారికీ హక్కు ఉందని మన ధర్మం నేర్పింది. వారంలో ఒక పూట ఫోను పక్కన పెట్టి బిడ్డల ముందు కూర్చోండి. మీరు ఎందుకు ధర్నాకు వెళుతున్నారో వారి మాటల్లో చెప్పండి. పోలీసులు వస్తే ఎవరికి ఫోను చేయాలో చెప్పండి. మీరు వెళ్లిపోయే తెల్లవారుజామున వారిని నిద్రలేపండి. ముద్దు పెట్టుకుని వెళ్లండి. కళ్లు మూసుకుని పడుకున్న బిడ్డ నిద్రపోతోందని అనుకోకండి.

ప్రగతి నగర్‌లో మా గదిలో ఒక పొడవాటి రిజిస్టరు తెరిచాము. ప్రస్తుతానికి అందులో మూడే కుటుంబాలు ఉన్నాయి. నెలకు జమ అవుతున్నది పెద్ద మొత్తమేమీ కాదు. అయినా తేదీ తప్పలేదు.

ఆ బాలుడు తరువాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. ఈసారి మేమే అతనిని ఆపాము. మీ అబ్బూ తప్పు చేయలేదని మళ్లీ చెప్పాము. ఆయన తన అభిప్రాయం చెప్పారని, దేశంలో అందరికీ ఆ హక్కు ఉందని చెప్పాము. మా అబ్బాజాన్‌ను కూడా ఒకసారి అలాగే తీసుకువెళ్లారని, ఆయన తిరిగి వచ్చారని చెప్పాము. అతడు కాసేపు ఆలోచించి, "అప్పుడు మీరు ఏం చేశారు?" అని అడిగాడు.

"భయపడ్డాము" అన్నాము.

అతని ముఖం కొంత తేలికపడింది. పెద్దయ్యాక ఏమవుతావని మేము అడగలేదు. అతడే చెప్పాడు. చెరువులోని పక్షుల గురించి పుస్తకం రాస్తాడట. ఆ పుస్తకం రాయడానికి అతనికి కావలసినదంతా అందేలా చూడడం మన పని.